సబ్బుల బెల్టు వేగం

శుక్రవారం, మధ్యాహ్నం

చెల్లెలు బుల్లికి అక్క దీవించి రాసే సంగతులు. ఇక్కడ నేనూ మీ బావా కులాసాగానే ఉన్నాం. నా కుడి మోకాలొక్కటే ఎదురు తిరుగుతోంది, తక్కిన శరీరమంతా చెప్పిన మాట వింటోంది. అక్కడ నువ్వు, మరిదిగారు, అమ్మాయి క్షేమంగా ఉన్నారనీ, మీ విత్తనాల కొట్టు సందడిగా ఉందనీ అనుకుంటున్నాను.

పోయినసారి అరపేజీలో ముగించానని కోప్పడ్డావు. "అక్కా, అది ఉత్తరమా, కరెంటు బిల్లా?" అని అడిగావు. ఈసారి ఆ మాట పడను. ఇది చాలా పొడుగు ఉత్తరం. కొట్లో బేరాల మధ్య చదవకు. ఇంటికి తీసుకెళ్ళి, ఒక్కదానివే కూర్చుని చదువు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మీ బావకు పళ్ళ సెట్టు వచ్చింది. పెట్టుకుంటే మాట సరిగ్గా రాదు, తీస్తే ముద్ద నమలలేరు. అందుకని తినేటప్పుడు పెట్టుకుంటున్నారు, నాతో పోట్లాడేటప్పుడు తీస్తున్నారు. నువ్వు పంపిన పూల విత్తనాల్లో సగం మొలిచాయి. మిగతా సగం పిచ్చుకలు తిన్నాయని నా అనుమానం, నేను నీళ్ళు పోయడం మరిచిపోయానని మీ బావ అనుమానం. మోకాలికి నువ్వు చెప్పిన నూనె రాస్తున్నాను. వాసన బాగుంది.

ఇక మిగిలినవి రెండు. "ఈ వయసులో నీకు బొమ్మ బెల్టులేమిటక్కా" అన్నది ఒకటి. రెండోది అంతకుముందు ఉత్తరం చివర నువ్వు రాసిన నాలుగు ముక్కలు: "మన ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియను, ఆ ఫ్యూజు, నాకు ఉత్తరం రాశాడు. ఆ రోజు బెల్టు మెల్లమెల్లగా వేగం పెరిగిందా, ఒక్కసారిగా పెరిగిందా అని అడిగాడు. ఇన్నేళ్ళ తర్వాత ఇదెందుకు? నాకు గుర్తులేదని రాశాను. నీకేమైనా తెలుసా?" ఆ ప్రశ్నను పోయినసారి చూడనట్టు దాటేశాను. అందుకే అది అరపేజీ ఉత్తరమైంది. ఈసారి రెండిటికీ కలిపి చెబుతాను, ఎందుకంటే అవి రెండూ ఒకటే.

మా వీధి చివర గ్రంథాలయం ఉంది కదా, దాని కింది గదిలో ఒక మాస్టారు మోడళ్ళ క్లబ్బు నడుపుతున్నారు. బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. చొక్కా జేబులో ఆరంగుళాల స్కేలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కనుక అందరూ స్కేలు మాస్టారంటారు. పని మానేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న మాలాంటి వాళ్ళందరినీ పోగేసి, ఎవరు పనిచేసిన చోటు వాళ్ళచేత బుల్లి బుల్లిగా కట్టిస్తారు. ఒకాయన రైలు గేటు కట్టాడు. ఒకావిడ తాను కూర్చున్న టెలిఫోను ఎక్స్చేంజి కట్టింది, తీగలతో సహా. నా వంతు వచ్చేసరికి "సబ్బుల ఫ్యాక్టరీ ప్యాకింగు హాలు" అనేశాను. ఎందుకన్నానో తెలియదు. ఇంటికి వచ్చాక కాదందామనుకున్నాను గానీ, అప్పటికే ఆయన బోర్డు మీద నా పేరు పక్కన రాసేశారు.

హాలు, కిటికీలు, ఆ పొడుగాటి బల్ల, దానికి అటూ ఇటూ మనమంతా కూర్చునే స్టూళ్ళు, అన్నీ రెండు వారాల్లో అయిపోయాయి. సబ్బుల్ని మోసుకుపోయే బెల్టు దగ్గర ఆగిపోయాను. బొమ్మల్లో పెట్టే మోటారు పరిగెత్తడానికే పుట్టింది, నడవమంటే దానికి చేతకాదు. కరెంటు తగ్గిస్తే మూలుగుతూ ఆగిపోతుంది, చిటికెడు పెంచితే దూకుతుంది. రబ్బరు ముక్కలు కోసి సబ్బులు చేశాను. మొదటిసారి నడిపినప్పుడు వాటిలో ఒకటి ఎగిరి మాస్టారి టీ గ్లాసులో పడింది. ఆయన దాన్ని స్కేలుతో బయటికి తీసి, "సబ్బు నురగ రాలేదమ్మా" అన్నారు.

బెల్టుకు ముందు సైకిలు ట్యూబు కోసి వేశాను. మరీ మందం, సన్నటి రోలర్ల మీద వంగదు. రిబ్బను వేస్తే జారింది. చివరికి పాత గొడుగు గుడ్డను పొడుగ్గా చీరి, లోపలి వైపు పంక్చరు వేసే జిగురు పల్చగా పూసి ఆరబెడితే కుదిరింది. అతుకు అడ్డంగా కాకుండా ఏటవాలుగా వేశాను, లేకపోతే రోలరు దాటినప్పుడల్లా ఎగిరిపడుతుంది. రోలర్లు పెన్నుల గొట్టాలు, వాటి ఇరుసులు నా స్వెట్టరు సూదులు. బెల్టు ఒక పక్కకు పాకి పడిపోతుంటే రోలరు మధ్యలో రెండు చుట్లు టేపు వేసి బొడ్డులా చేశాను. బెల్టుది వింత గుణం, ఎప్పుడూ ఎత్తు ఎక్కడుంటే అక్కడికే చేరుకుంటుంది. ఆ తర్వాత మళ్ళీ పక్కకు పోలేదు.

మోటారు మాత్రం దొరకలేదు. పాడైన మైక్రోవేవ్ పొయ్యిలోంచి, లోపలి గాజు పళ్ళేన్ని తిప్పే మోటారు తీసి పెట్టాను. నిమిషానికి ఆరు చుట్లే, కావలసినంత నిదానం. కానీ ఎటు తిరగాలన్నది అది స్విచ్చి వేసినప్పుడల్లా సొంతంగా నిర్ణయించుకుంటుంది. ఒకరోజు సబ్బులు అచ్చుకొట్టే ప్రెస్సు నుంచి పెట్టెలోకి పోతాయి, మర్నాడు పెట్టెలోంచి లేచి ప్రెస్సులోకి పోతాయి. నాలుగు రోజులు చూసి మాస్టారు నోటీసు బోర్డు మీద రాశారు, "నెమ్మదిగా తిరిగే మోటార్ల సంగతి తెలిసినవారు కావలెను" అని. మూడో రోజు పొద్దున ఫ్యూజు మెట్లు దిగి వచ్చాడు.

నీకు గుర్తున్న మనిషి కాదు. ఒళ్ళంతా చిక్కిపోయి, జుట్టు మొత్తం తెల్లబడింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక బల్బుల కొట్టు పెట్టుకున్నాడని విన్నాను గానీ ఆ వీధిలోకి నేనెప్పుడూ వెళ్ళలేదు. చుట్టు తిరిగి పక్క వీధిలోంచి వెళ్ళేదాన్ని. అతను నా బల్ల ముందు నిలబడి చాలాసేపు ఆ హాలునే చూశాడు. తర్వాత నన్ను చూసి, "బాగున్నారా, లీడరమ్మా?" అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా నన్నెవరూ అలా పిలవలేదు. ప్యాకింగు వరసకు నేను లీడరుగా ఉన్నప్పటి పిలుపది. బాగున్నాననకుండా మైక్రోవేవ్ మోటారు చూపించాను.

మర్నాడు అతను వేలెడంత మోటారు తెచ్చాడు. దాని తలకు చిన్న డబ్బా అతుక్కుని ఉంది, లోపలంతా పళ్ళ చక్రాలు. మోటారు గిర్రున తిరిగినా ఆ డబ్బా దాటి బయటికి వచ్చేసరికి తిరుగుడు నత్త నడకవుతుంది. దానికి వేగం పెంచీ తగ్గించే ఒక నాబు. నాలుగు గంటలు కూర్చుని బిగించాడు. బెల్టు కదిలింది. కదులుతోందో లేదో తెలియనంత మెల్లగా, కుదుపు లేకుండా, సబ్బులు వరసగా సాగిపోయాయి. మీ బావ ఆ రోజు చూడ్డానికి వచ్చారు. "చీమ ఎక్కితే విసుగుపుట్టి దిగి నడిచిపోతుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఎందుకంటే ఆ నాబు ఎక్కడ బిగించాడో చూశాను. నేను గీసిన పటంలో బెల్టు వేగం మార్చే స్విచ్చి పెట్టె లేదు. కావాలనే వదిలేశాను. అతను నన్నడగకుండానే మూడో కిటికీ పక్కన, అచ్చంగా అసలు పెట్టె ఉన్న చోటే స్క్రూలు బిగించి, "ఇక్కడేగా ఉండేది?" అన్నాడు. దాని చుట్టూ సూదితో ఒకటి నుంచి ఎనిమిది వరకు గీతలు గీశాడు. నాలుగు మీద పెడితే నిమిషానికి ముప్ఫై సబ్బులు పోయేలా గడియారం పెట్టుకుని సరిచేశాడు. మన హాల్లో కూడా నాలుగు మీద ముప్ఫయ్యే.

తర్వాత, "మీ చెల్లెలు ఏ స్టూలు మీద కూర్చునేది?" అన్నాడు.

"గుర్తులేదు" అన్నాను.

"ఎడమ వరసలో చివరిది కదూ?" అని దాని మీద వేలు పెట్టాడు.

నీకు తెలిసిన సంగతే అయినా వరసగా రాస్తేనే నాకు రాయడం సాగుతుంది. నువ్వు టైపు పరీక్ష ప్యాసై ఆఫీసు పిలుపు కోసం చూస్తున్నావు. అందాకా ఖాళీగా ఎందుకని నేనే నిన్ను ఫ్యాక్టరీలో చేర్పించాను. చేరి మూడు వారాలు. సాయంత్రం నాలుగు దాటింది. బెల్టు చివర రోలరు దగ్గర ఒక సబ్బు ఇరుక్కుంటే తీయబోయావు. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు పోయాయి. విచారణకు వచ్చినవాళ్ళు "కార్మికురాలి పరాకు" అని రాసి వెళ్ళారు. నెల తిరక్కుండానే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది, ఆ కాగితాన్ని నువ్వు ఎనిమిది వేళ్ళతో చింపావు.

ఆ స్టూలు మీద ఫ్యూజు వేలు పెట్టిన రోజు నుంచి నాకు తిండి సహించలేదు. ఇతను ఎందుకొచ్చాడు, ఎవరు పంపారు, ఏం పోగు చేస్తున్నాడు అని ఒకటే అనుమానం. పని అయిపోయినా మానడే. రోజూ పొద్దున వచ్చి బెల్టు వేసి, రెండేసి గంటలు నాబునూ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తూ కూర్చుంటాడు. చిన్న చెక్క సుత్తితో బల్ల కాళ్ళను టకటకా కొడతాడు. నోట్‌బుక్కులో ఏదో రాస్తాడు. నేను దగ్గరికి వస్తే మూసేస్తాడు. మాస్టారి మీద కూడా అనుమానం వచ్చింది, అతన్ని రప్పించిన నోటీసు రాసింది ఆయనే కనుక. ఒకరోజు ఉండబట్టలేక ఆ నాబు పీకి నా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. మర్నాడు అతను మరో నాబు తెచ్చి బిగించాడు. పాతది ఏమైపోయిందని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అడగకపోవడంతో నా భయం రెట్టింపైంది.

అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. ఇతనికి నీ అడ్రసు ఎలా దొరికిందా అనుకున్నాను. తీరా అడిగితే ఇచ్చింది మీ బావ.

"బల్బు కొనడానికి వెళ్తే అడిగాడు, ఇచ్చాను. అడ్రసే కదా, బీరువా తాళాలు కాదు కదా" అన్నారు.

"నన్నడగకుండా ఎందుకిచ్చారు?"

"పాత పరిచయస్తుడు, క్షేమం కనుక్కుంటానన్నాడు. నీకెందుకంత కంగారు? అతను నీకేమైనా బాకీనా, నువ్వు అతనికి బాకీనా?" అని పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేశారు, పోట్లాటకు సిద్ధమన్నట్టు. నేను పోట్లాడలేదు. వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

పోయిన వారం, బుధవారం నాడు, అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆ నోట్‌బుక్కు తెరిచాను. తప్పే, కానీ తెరిచాను. పేజీల నిండా తేదీలు, గంటలు, వాటి ఎదురుగా ఒకటే మాట. "మొదట నాలుగు, చివర నాలుగు." మళ్ళీ "మొదట నాలుగు, చివర నాలుగు." అన్ని పేజీలూ అంతే. ఆఖరి పేజీలో ఇలా ఉంది: "చెల్లెలికి గుర్తులేదట. లీడరమ్మను అడగాలి. ఏ ముఖంతో అడగను?"

తల ఎత్తేసరికి అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడి ఉన్నాడు. తప్పు నాదే అయినా నోరు మాత్రం అతని మీదికే లేచింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని? నా చెల్లెలికి ఎందుకు రాశారు? ఏం కావాలి మీకు?"

అతను చుట్టూ చూశాడు. ఆ వేళ గదిలో మేమిద్దరమే. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎవరూ పంపలేదండి. నా అనుమానం నన్ను పంపింది. ఆ రోజు పొద్దున ఆ నాబు బిగించింది నేను. స్క్రూ అరిగిపోయింది, కొత్తది లేదు, పాతదే బిగించి ఊరుకున్నాను. సాయంత్రం మీ చెల్లెలికి అలా అయ్యాక పరిగెత్తుకొచ్చి చూస్తే నాబు ఆరు మీద ఉంది. నాలుగు మీద ఉండాల్సింది ఆరు మీద. నేను బిగించింది వదులై, బల్ల అదురుకి దానంతటదే జారిపోయిందనుకున్నాను. ఉద్యోగం పోతుందని భయమేసింది. ఎవరూ చూడకుండా మళ్ళీ నాలుగు మీదికి తిప్పేశాను. విచారణలో నోరెత్తలేదు."

నేను తెరిచిన నోట్‌బుక్కును మూసి అతని ముందుకు జరిపాను.

"ఆ తర్వాత నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది లీడరమ్మా. ఎవరింట్లో వైరింగుకి పిలిచినా వెళ్ళలేదు. బల్బులు అమ్ముకుని బతికాను. మాస్టారి నోటీసు చూశాక, ఒకసారి పరీక్ష చేసి చూద్దామని వచ్చాను. అలాంటి నాబే వెతికి తెచ్చాను, స్క్రూ వదులు చేసి బిగించాను, రోజూ బల్ల అదరగొట్టాను. ఆరు వారాలు. ఒక్క గీత కూడా జరగలేదు. అది దానంతటది తిరగదు. ఎవరో తిప్పి ఉండాలి." నా వైపు తిరిగి అడిగాడు. "సూపర్‌వైజరే తిప్పాడేమోనని నా అనుమానం. మీరు అక్కడే నిలబడి ఉన్నారు కదా. మీరేమైనా చూశారా?"

బుల్లీ, ఇక్కడివరకు రాసి కలం పక్కన పెట్టి, ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చాను. ఇక రాయక తప్పదు.

ఆ నాబు తిప్పింది నేను.

నన్ను లీడరుగా వేసి అప్పటికి వారమే. మధ్యాహ్నం సూపర్‌వైజరు నన్ను పక్కకు పిలిచి, "లోడు అయిదింటికల్లా గేటు దాటితే ఈ పని నీకు ఖాయం. లేకపోతే రేపు మళ్ళీ స్టూలు మీదే" అన్నాడు. బెల్టు వేగం పెంచమని అనలేదు. అంతకంటే ఎక్కువ అనలేదు కూడా. నాలుగింటికి ఇంకా పాతిక పెట్టెలు మిగిలాయి. నేను మూడో కిటికీ దగ్గరికి వెళ్ళి నాలుగు నుంచి ఆరుకి తిప్పాను. ఎవరికీ చెప్పలేదు. రెండు సబ్బులు రావలసిన చోట మూడు రావడం మొదలైంది.

నువ్వు తల తిప్పి అన్నావు, "అక్కా, బెల్టు వేగంగా పోతోంది" అని. నీకు గుర్తులేదేమో. నాకు ఆ గొంతు కూడా గుర్తుంది. అప్పుడు నేను అందరి ముందూ అన్నాను, "బెల్టు మామూలుగానే ఉంది, నీ చేతులే నెమ్మది" అని. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నువ్వు ముఖం ఎర్రబడి, సబ్బులకు వేగంగా కాగితం చుట్టాలని చూశావు. అయిదు నిమిషాలు కాలేదు, సబ్బు ఇరుక్కుంది. నెమ్మదినని మళ్ళీ ఎవరూ అనకూడదని బెల్టు ఆపమనకుండా చెయ్యి పెట్టేశావు. బెల్టు ఆపింది నేనే, కానీ అప్పటికే అయిపోయింది.

చేతులు పడకుండా రోలరుకు అడ్డంగా ఉండవలసిన రేకు అక్కడ లేదు. అది సూపర్‌వైజరు తప్పు. ఇన్నేళ్ళూ ఆ రేకు చాటునే దాక్కున్నాను. రేకు లేకపోవడం అతనిది, వేగం నాది, ఆ మాట నాది. విచారణలో "వేగం మామూలుగా ఉంది" అన్న కాగితం మీద సాక్షి సంతకం కూడా నాదే. ఫ్యూజు నాబును వెనక్కి తిప్పడం ఆ రోజు నా కళ్ళతో చూశాను. నా తప్పు తెలిసే కప్పేశాడనుకున్నాను. ఏదో ఒకరోజు దాన్ని బయటపెడతాడని ఇన్నేళ్ళూ అతని వీధి తప్పించుకు తిరిగాను. అతనేమో తన చేతులనే అనుమానిస్తూ ఆ వీధిలోనే కూర్చున్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ బుధవారం కూడా నిజం చెప్పలేదు. "సూపర్‌వైజరేనా?" అని అడిగినప్పుడు, చనిపోయినవాడు లేచి వచ్చి కాదంటాడా అని, తల ఊపాను. "అవును, ఆయనే" అన్నాను. ఫ్యూజు రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. అరవై దాటిన మనిషి ఏడుస్తుంటే నేను రబ్బరు సబ్బులు సర్దుతూ నిలబడ్డాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి అతను నిచ్చెన ఎక్కి ఉన్నాడు. ఆ గదిలో ఏడాదిగా వెలగని రెండు దీపాల వైరింగు తానే విప్పి సరిచేస్తున్నాడు, ఏదో కూనిరాగం తీస్తూ. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి కిందికి దిగాడు.

"మీ చెల్లెలికి నేనే రాస్తాను లీడరమ్మా. వేగం పెంచింది సూపర్‌వైజరని, ఆ పిల్ల తప్పేం లేదని. ఆమె కూడా నాలాగే తన చేతినే తిట్టుకుంటూ ఉంటుంది కదా."

నువ్వు ప్రతి ఉత్తరంలో రాసే మాట అతనికెలా తెలుసు? "నా చేతులు నెమ్మది, నా పరాకే" అని ఎన్నిసార్లు రాశావు. కొట్లో పొట్లం కట్టడం ఆలస్యమైనా అదే మాట. అమ్మాయికి జడ వేయడం గురించి రాసినా అదే మాట. అది నువ్వు పుట్టించిన మాట కాదు. నేను నీ నోట్లో పెట్టిన మాట.

"రాయకండి" అన్నాను. "సూపర్‌వైజరు కాదు. తిప్పింది నేను."

అతను నన్ను అలాగే చూశాడు. నిన్న తల ఊపిందెవరు, ఇవాళ ఈ మాట అంటున్నదెవరు అన్నట్టు. నన్ను నమ్మాలో లేదో కూడా అతనికి తెలియలేదు. ఉన్నదంతా చెప్పాను, నీతో అన్న మాటతో సహా. అతను తిట్టలేదు. చేతిలోని స్క్రూడ్రైవరును నెమ్మదిగా బల్ల మీద పెట్టి, "ఇరవై ఎనిమిదేళ్ళండి" అన్నాడు. అంతే. దీపాలు సగంలో వదిలేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు రాలేదు. నేను బల్బుల కొట్టు దాకా వెళ్ళాను, మొదటిసారి. కౌంటరు అవతలే నిలబడ్డాడు. కూర్చోమనలేదు.

"మీరు చెప్పింది నిజమేనని ఎలా నమ్మమంటారు?" అన్నాడు.

"ఈసారి నాకు కలిసొచ్చేదేమీ లేదు కదా" అన్నాను.

అతను చాలాసేపు ఒక బల్బును గుడ్డతో తుడిచాడు. "మీ చెల్లెలికి మీరు రాస్తారా, నన్ను రాయమంటారా? వారం చూస్తాను" అన్నాడు.

అది జరిగి ఇవాళ్టికి మూడో రోజు. కాబట్టి నువ్వు నన్ను అనుమానించవచ్చు. అతను రాస్తానన్నాడని రాస్తున్నావా, లేకపోతే చచ్చేదాకా దాచేదానివేనా అని. నన్ను నేను అడిగి చూశాను. జవాబు దొరకలేదు. మంచిదాన్నని నిరూపించుకోవడానికి రాయడం లేదు. నీకు తెలియవలసినది నా దగ్గర ఉండిపోయింది కనుక రాస్తున్నాను.

మీ బావకు నిన్న ఉదయం చెప్పాను. విని, తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచారు. "ఆ పిల్ల పెళ్ళిలో ఎడమ చెయ్యి కొంగులో దాచుకుని నిలబడితే, ఎందుకమ్మా సిగ్గు అని నువ్వే కదా దగ్గర కూర్చుని చెప్పావు" అన్నారు. "ముందు ఆమెకు రాయి. తర్వాత నాతో మాట్లాడు" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో గడియారం చప్పుడే వినిపిస్తోంది. ఆయన కోపం న్యాయమే. నువ్వంటే ఆయనకు సొంత చెల్లెలి కంటే ఎక్కువ.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, నీ స్వభావం నాకు తెలుసు, అది మళ్ళీ నీ మీద నేను వేసే బరువే అవుతుంది. కోపం వస్తే కోపంగానే ఉండు. ఉత్తరం రాయాలనిపించకపోతే రాయకు. మరిదిగారికీ అమ్మాయికీ చెప్పాలో వద్దో నీ ఇష్టం. నువ్వు చెప్పమంటే నేనే వచ్చి వాళ్ళ ముందు చెబుతాను. ఒక్కటి మాత్రం నమ్ము. ఆ హాల్లో కూర్చున్న పద్దెనిమిది మందిలో నీ అంత చురుకైన చేతులు ఎవరివీ కావు. నిన్ను లీడరు చెల్లెలని గారాబం చేస్తున్నానని ఎవరైనా అంటారేమోనని, ఆ సంగతి ఒక్కసారి కూడా పైకి అనలేదు.

ఈ ఆదివారం కాక పై ఆదివారం క్లబ్బులో అందరి మోడళ్ళూ జనం చూడ్డానికి పెడుతున్నారు. నిన్న ఫ్యూజు వచ్చాడు. నాతో మాట్లాడలేదు, మాస్టారితోనే మాట్లాడాడు. వదిలేసిన దీపాలు రెండూ వెలిగించాడు. వెళ్ళేముందు నా బల్ల దగ్గర ఆగి, "ఈ నాబు నాలుగు మీద జిగురు పెట్టి బిగించేయమంటారా? పిల్లలు తిప్పుతారు" అన్నాడు. వద్దన్నాను. తిప్పనివ్వండి, నాలుగుకీ ఆరుకీ ఎంత తేడానో వాళ్ళ కళ్ళతోనే చూడనివ్వండి అన్నాను. ఆ ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా నేను ఆ మూడో కిటికీ పక్కనే నిలబడతాను. ఈ గీతలేమిటని ఎవరడిగినా, ఆ రోజు వాటిని దాటించింది ఎవరో చెబుతాను. వాళ్ళందరికంటే ముందు నీకు చెప్పాలి కనుక, ఈ ఉత్తరాన్ని మీ బావ చేతికి ఇవ్వకుండా నేనే వెళ్ళి పోస్టు చేస్తున్నాను.

ఇట్లు,
మీ అక్క